అప్పు కట్టలేనివాణ్ని జైల్లో పెట్టకూడదన్న అంతర్జాతీయ ఒడంబడిక మన ఈపీ కోర్టులో పనికొస్తుందా?

మిరపచేను:

నమస్తే అందరికీ. మూడేళ్ల ఎల్ఎల్‌బీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఈ సెమిస్టర్‌లో మానవ హక్కుల పేపర్ ఉంది. ఇంట్లో చూస్తే మా మేనమామ మీద ఈపీ (కోర్టు డిక్రీని అమలు చేయించమనే పిటిషన్) నోటీసు ఉంది. రెండూ ఒకేసారి వచ్చేసరికి చదివేది, చూసేది ఎక్కడా పొసగడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మామయ్య కౌలుకి మిర్చి వేశాడు. నల్ల తామర పురుగు పడి పూత పూతంతా పోయింది, పెట్టుబడి కూడా చేతికి రాలేదు. ప్రామిసరీ నోటు మీద తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీతో పెరుగుతూ పోయింది. అప్పిచ్చినాయన దావా వేస్తే సమన్లు వచ్చినా, ఏం మొహం పెట్టుకుని వెళ్లాలని మామయ్య కోర్టుకే వెళ్లలేదు, ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది, అంటే అవతలి పక్షం మాటే విని తీర్పిచ్చేశారు. ఇప్పుడు సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) ఆర్డర్ 21 రూల్ 37 కింద నోటీసు వచ్చింది, నిన్ను సివిల్ జైలుకి ఎందుకు పంపకూడదో వచ్చి చెప్పు అని. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి మా అత్త వాకిట్లో బండి చప్పుడైతే చాలు ఉలిక్కిపడుతోంది.

నా పుస్తకంలో ఏముందంటే, పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక, అదే ఐసీసీపీఆర్, 11వ అధికరణం: ఒప్పందం ప్రకారం చెల్లించాల్సింది చెల్లించలేకపోయాడన్న ఒక్క కారణంతో ఎవరినీ జైల్లో పెట్టకూడదు. భారతదేశం 1979లో దీనిలో చేరింది. అలాంటప్పుడు సీపీసీ సెక్షన్ 51 కింద అరెస్టు వారంటు ఎలా ఇస్తారు? ఒడంబడిక గొప్పదా, సీపీసీ గొప్పదా? వాయిదా రోజు నిలబడి ఆర్టికల్ 11 అంటే జడ్జిగారు వింటారా? మా లెక్చరర్‌ని అడిగితే పరీక్షకి అంత లోతు అక్కర్లేదు అన్నారు. నాకు మార్కులు కాదు, జవాబు కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

హక్కుల పాఠం:

మంచి ప్రశ్న వేశారు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒకటి విడదీసుకోవాలి. 1948 డిసెంబర్ 10 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన ఒడంబడిక కాదు, ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ చేసిన తీర్మానం. అందులోవి కొన్ని తర్వాత ఆచార న్యాయంగా దేశాలన్నిటినీ కట్టేశాయి, ఆ వాదన వేరు. మీ అప్పు జైలు సంగతి అసలు ఆ ప్రకటనలో విడిగా లేనే లేదు. ప్రకటనలోని హక్కులకు కట్టుబడి తీరాల్సిన రూపం ఇవ్వడానికి 18 ఏళ్లు పట్టింది, 1966 డిసెంబర్ 16న రెండు ఒడంబడికలు ఆమోదించారు, అవి 1976లో అమల్లోకి వచ్చాయి. ఒకటి పౌర, రాజకీయ హక్కులది, రెండోది ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది. 11వ అధికరణం మొదటిదాంట్లో ఉంది, ఇది చిన్న విషయం కాదు. రెండోదాంట్లో దేశం తనకున్న వనరుల మేరకు క్రమంగా సాధిస్తే చాలు అన్న వెసులుబాటు ఉంది (అందులోనూ వివక్ష చూపకపోవడం లాంటివి వెంటనే చేయాల్సినవే). మొదటిదాంట్లో ఆ వెసులుబాటు లేదు. ప్రతి మండలానికీ పెద్దాసుపత్రి కట్టడానికి డబ్బు లేదని ప్రభుత్వం అనొచ్చు, ఒక మనిషిని జైల్లో పెట్టకుండా ఉండటానికి డబ్బు లేదని మాత్రం అనలేదు కదా.

ఇంకా ముఖ్యమైనది చెప్తాను, చాలామంది దీన్ని చూడకుండా దాటేస్తారు. అదే ఒడంబడిక 4వ అధికరణం ప్రకారం దేశం ఉనికికే ముప్పు వచ్చే అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వం కొన్ని హక్కుల్ని తాత్కాలికంగా పక్కన పెట్టొచ్చు. కానీ ఒక చిన్న జాబితా ఉంది, యుద్ధం వచ్చినా వాటిని ముట్టుకోవడానికి లేదు. ప్రాణం హక్కు, చిత్రహింసల నిషేధం, బానిసత్వ నిషేధం, చేసిన రోజున నేరం కాని పనికి తర్వాత చట్టం తెచ్చి శిక్ష వేయకపోవడం, చట్టం ముందు మనిషిగా గుర్తింపు, ఆలోచనా మత స్వేచ్ఛ. వీటి పక్కనే మీ 11వ అధికరణం కూడా ఉంది. భావప్రకటన స్వేచ్ఛ కూడా ఆ జాబితాలో లేదు, అప్పు కట్టలేని పేదవాడి స్వేచ్ఛ ఉంది! నేను మొదటిసారి ఆ జాబితా చదివినప్పుడు అక్కడే చాలాసేపు ఆగిపోయాను.

మన దేశం 1979 ఏప్రిల్ 10న ఈ రెండు ఒడంబడికల్లోనూ చేరింది. ఎమర్జెన్సీ అయిపోయిన కొత్త రోజులవి. 1976లో ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీ నడుస్తుండగా నిర్బంధంలో ఉన్నవాడు హెబియస్ కార్పస్ (నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమనే పిటిషన్) అడగడానికి కూడా లేదని చెప్పిన చేదు ఇంకా పోలేదు. 44వ రాజ్యాంగ సవరణతో 20, 21 అధికరణాలను ఎమర్జెన్సీలో కూడా సస్పెండ్ చేయడానికి వీల్లేకుండా చేసింది కూడా ఆ కాలంలోనే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే పేపర్‌కీ పనికొస్తుంది, మీకూ ధైర్యం వస్తుంది.

చేరేటప్పుడు దేశాలు ఈ అధికరణానికి మేం పూర్తిగా కట్టుబడం అని మెలిక పెట్టొచ్చు. మనవాళ్లు కూడా పెట్టారు, స్వయం నిర్ణయాధికారం మీద, అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం మీద, ఇంకొన్నిటి మీద. 11 మీద ఒక్క మాట కూడా లేదు. బ్రాజవిల్ రాజధానిగా ఉన్న కాంగో 1983లో చేరినప్పుడు సరిగ్గా ఈ 11 మీదే మెలిక పెట్టింది, మా సివిల్ ప్రొసీజర్‌లో అప్పుకి జైలు ఉంది, దాన్ని ఉంచుకుంటాం అని. బెల్జియం దానికి అభ్యంతరం చెప్పింది కూడా. అంటే పెట్టాలనుకున్న దేశం పెట్టింది, మనం పెట్టలేదు. కాబట్టి అంతర్జాతీయంగా చూస్తే 11వ అధికరణం మనల్ని పూర్తిగా కట్టేస్తుంది, మా సీపీసీ ఇలా ఉందండీ అని జెనీవాలో ఐక్యరాజ్యసమితి ముందు సాకు చెప్పడానికి లేదు.

మరి మీ ఊరి కోర్టులో? అక్కడ వేరే లెక్క. మన పద్ధతిలో ఒడంబడిక తనంతట తాను చట్టం అయిపోదు. కేంద్రం సంతకం పెడుతుంది, రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేస్తేనే అది కోర్టులో నేరుగా అమలు అడగదగ్గ హక్కు అవుతుంది. చేరగానే ఒడంబడికే చట్టంగా పనిచేసే దేశాలూ ఉన్నాయి, మనది ఆ దారి కాదు. అలాగని పనికిరాదనుకోకండి, కోర్టులు దాన్ని వేరే దారిలో లోపలికి తెచ్చాయి. ఆ దారి వేసిన పెద్ద తీర్పుల్లో ఒకటి మీ మామయ్య కేసు లాంటిదే. దాని గురించి ఎగ్జిక్యూషన్ వైపు ప్రాక్టీసు చేసేవాళ్లు రాస్తే బాగుంటుంది.

ప్లీడరు గుమ్మం:

రాస్తాను సార్, నాకు రోజూ ఉండే పని ఇదే.

అమ్మా, మీరు పట్టుకోవాల్సిన తీర్పు జాలీ జార్జ్ వర్గీస్ వర్సెస్ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్, సుప్రీంకోర్టు, 1980 ఫిబ్రవరి 4. మనం ఒడంబడికలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. రాసింది జస్టిస్ కృష్ణయ్యర్, పక్కన జస్టిస్ పాఠక్. బ్యాంకు డిక్రీ తెచ్చుకుంది, అప్పుపడ్డవాళ్ల ఆస్తులు అప్పటికే జప్తులో, రిసీవర్ (ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టిన మనిషి) చేతిలో ఉన్నాయి, అయినా అరెస్టు వారంటు ఇచ్చారు. వాళ్లు 11వ అధికరణం ఎత్తారు. అచ్చంగా మీ ప్రశ్నే.

కృష్ణయ్యర్ గారికి ఈ ప్రశ్న కొత్త కాదు, 1969లో కేరళ హైకోర్టులో ఉన్నప్పుడే ఇలాంటి కేసులో ఈ అధికరణం గురించి రాశారు. 1980 తీర్పులో ఏమన్నారంటే, ఒడంబడిక దానంతటదే మన చట్టంలో భాగం కాదు, అది పెట్టుకుని సెక్షన్ 51ని కొట్టేయడం కుదరదు. ఇంతవరకే చదివి చాలామంది పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాత రాసినదే అసలు సరుకు. సెక్షన్ 51ని సరిగ్గా చదివితే అది ఒడంబడికకు విరుద్ధం కానే కాదు అన్నారు. డబ్బు కట్టలేదు అన్నది ఒక్కటే చాలదు, దురుద్దేశం ఉండాలి, లేదా డబ్బు ఉండీ ఎగ్గొడుతున్నాడని తేలాలి. ఎప్పుడో డిక్రీ అయిన కొత్తలో డబ్బు ఉండేది, ఇప్పుడు లేదు అంటే, ఆ మధ్యలో ఆ డబ్బు ఏమైంది, వేరే ఏ అవసరాలు మీద పడ్డాయి అని కూడా చూడాలి. అప్పు తీర్చకపోవడం వెనక పేదరికం ఉంటే, ఈ దరిద్రనారాయణుల దేశంలో పేదగా ఉండటం నేరం కాదు అని రాశారు. దీనికి రాజ్యాంగం 21వ అధికరణాన్ని (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ హక్కు), ఆ స్వేచ్ఛ తీసేసే పద్ధతి న్యాయంగా ఉండాలన్న, అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మేనకా గాంధీ తీర్పును కలిపి కట్టారు. కింది కోర్టు ఆర్డర్లు పక్కన పెట్టి, వాళ్ల ఇప్పటి స్తోమత ఏమిటో మళ్లీ విచారించమని ఎగ్జిక్యూటింగ్ కోర్టుకి తిప్పి పంపారు.

కాబట్టి ఒడంబడిక గొప్పదా, సీపీసీ గొప్పదా అని అడక్కండి. సీపీసీనే ఒడంబడిక వెలుతురులో చదవమని అడగండి. సెక్షన్ 51కి ఉన్న ప్రొవైజో (షరతు) 1936లో తెల్లవాళ్ల కాలంలోనే పెట్టింది. దాని ప్రకారం జైలుకి పంపే ముందు కోర్టు సంజాయిషీ అడగాలి, తృప్తి చెందాలి, కారణాలు రాతపూర్వకంగా రాయాలి. పారిపోతాడనో, దావా వేశాక ఆస్తి దొంగతనంగా మార్చేశాడనో, డబ్బు ఉండీ ఇవ్వడం లేదనో, నమ్మి అప్పగించిన సొమ్ము తాలూకు బాకీ అనో, వీటిలో ఒకటి రుజువు కావాలి.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. ఈపీ అఫిడవిట్లు చూడండి, అన్నిటిలో ఒకే వాక్యం (జేడీఆర్ అంటే డిక్రీ పడ్డ బాకీదారు). జేడీఆర్‌కు తగినంత స్తోమత ఉన్నా కావాలనే డిక్రీ బాకీ ఎగ్గొడుతున్నాడు. ఎంత భూమి, ఏ సర్వే నంబరు, ఏం పంట, ఏ బ్యాంకులో ఎంత, ఏమీ ఉండదు. అవతల జేడీఆర్ హాజరు కాడు. ఎవరూ ప్రశ్నించని ఆ ఒక్క వాక్యం మీదే వారంటు వెళ్లిపోతుంది. జాలీ జార్జ్ తీర్పు వచ్చి 40 ఏళ్లు దాటినా మీన్స్ ఎంక్వైరీ (స్తోమత విచారణ) తూతూమంత్రంగా సాగే చోట్లు ఉన్నాయి, దానికి సగం కారణం జనం భయపడి వాయిదాకి రాకపోవడమే.

నిక్కచ్చి మనిషి:

రెండు పెద్ద పోస్టులూ చదివాను, గౌరవంగానే ఒక మాట అంటున్నా. ఇదంతా పైన ఎంత బాగున్నా కింద జరిగేది వేరు. అంతర్జాతీయ ఒడంబడిక వల్ల అప్పులోళ్ల ఇంటి ముందు ఒక్క రికవరీ ఏజెంట్ అయినా తగ్గాడా? మా వీధిలో గ్రూపు లోను కట్టలేదని ఒకావిడ ఇంటి ముందు మిగతా సభ్యులందరినీ కూర్చోబెట్టారు, పొద్దున్నుంచి రాత్రి దాకా. వాళ్లు పోలీసులూ కాదు, కోర్టు అమీనా అంతకన్నా కాదు. మీ ఒడంబడిక ప్రభుత్వాలతో మాట్లాడుతుంది, ఆవిడని ఏడిపించింది ప్రైవేటోళ్లు. దానికేమంటారు?

ఇంకోటి. చెక్ బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు. ఇవాళ ఏ చిట్టీ కంపెనీ అయినా, ఏ ఫైనాన్స్ అయినా ముందుగానే ఖాళీ చెక్కులు రాయించుకుంటుంది. సివిల్ జైలు తలుపు మూసి, పక్కన క్రిమినల్ జైలు తలుపు తెరిచి పెట్టినట్టే కదా. 11వ అధికరణం అప్పుడెక్కడ పోయింది? చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997లో సంతకం పెట్టి ఇప్పటిదాకా ధ్రువీకరించని దేశం మనది. కాగితం మీద నమ్మకం పెట్టుకోమని ఆ పిల్లకి చెప్పడం నాకు సబబుగా అనిపించడం లేదు.

హక్కుల పాఠం:

మీ కోపం నాకు అర్థమైంది, మీరు లేవనెత్తినవి కూడా నిజమైనవే. ఒక్కొక్కటిగా చెప్తాను.

ప్రైవేటు వాళ్ల సంగతి. అంతర్జాతీయ హక్కుల న్యాయంలో ప్రభుత్వం బాధ్యత మూడు మెట్లు. హక్కుని తను కాలరాయకూడదు, ఇతరులు కాలరాయకుండా కాపాడాలి, హక్కు దక్కే పరిస్థితి కల్పించాలి. మీరు చూసిన సంఘటన రెండో మెట్టుది. ఏజెంట్ ఒడంబడికలో పక్షం కాదు, నిజమే, కానీ వాణ్ని ఆపకుండా చూస్తూ ఊరుకున్న ప్రభుత్వం పక్షమే. మన దగ్గరే 2010 అక్టోబర్‌లో, మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపులకి ఆత్మహత్యలు జరుగుతున్నాయని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. వసూలుకి ఇళ్ల మీదకి వెళ్లకూడదు, బహిరంగ చోటే కూర్చోవాలి, బలవంతపు పద్ధతులు వాడితే శిక్ష. ఆ చట్టం వల్ల పేదలకి అప్పు పుట్టకుండా పోయిందని విమర్శలు వచ్చాయి, అది వేరే చర్చ, కానీ కాపాడే బాధ్యత అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించదు. దీనికి ఇంకా ముదిరిన రూపం అప్పు కింద మనిషినే జీతానికి కట్టేసుకోవడం. అది 8వ అధికరణం కిందకి, మన రాజ్యాంగం 23 కిందకి, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకి వస్తుంది.

138 సంగతి. 11వ అధికరణం చెల్లించలేకపోవడం ఒక్కటే కారణమైతే జైలు వద్దంటుంది. మోసాన్ని, నేరాన్ని అది కాపాడదు. చెక్ ఇచ్చి డబ్బు లేకుండా చేయడం వేరే నేరం అన్నది మన చట్టం వాదన, కాబట్టి నేరుగా అడ్డు రాదు. కానీ భద్రత కోసం ముందే ఖాళీ చెక్కులు రాయించుకుని తర్వాత అంకె నింపే పద్ధతి ఆ అధికరణం స్ఫూర్తికి తూట్లు పొడుస్తోందని నేను కూడా నమ్ముతాను, ఆ వాదన కోర్టుల్లో ఇంకా గట్టిగా జరగాలి. భరణం బకాయికి జైలు కూడా దీని కిందకి రాదు, అది ఒప్పందపు బాకీ కాదు, భార్యాబిడ్డల పట్ల చట్టం పెట్టిన బాధ్యత. అమెరికా ఖండాల ఒడంబడికలో అయితే అప్పుకి నిర్బంధం వద్దంటూనే భరణాన్ని విడిగా మినహాయించారు.

కాగితం మీద నమ్మకం అన్నారు. మెలిక పెట్టిన చోట ఏం జరిగిందో చూడండి. అక్రమ నిర్బంధానికి పరిహారం హక్కుగా మేం ఇవ్వం అని మనదేశం 9వ అధికరణం మీద మెలిక పెట్టుకుంది. అయినా 1993లో నీలబతి బెహరా కేసులో, ఒడిశాలో పోలీసు కస్టడీలో కొడుకు చనిపోయిన తల్లి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు లక్షన్నర రూపాయల పరిహారం ఇప్పించింది, ఆ తీర్పులో ఇదే 9వ అధికరణాన్ని ప్రస్తావించింది. తర్వాత 1996లో డీకే బసు కేసులో, ఆ మెలికకి ఇక విలువ లేదన్నట్టే రాసింది. 1997లో విశాఖ కేసులో, పని చోట లైంగిక వేధింపుల మీద చట్టమే లేకపోతే మహిళా వివక్ష వ్యతిరేక ఒడంబడికను ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది, పార్లమెంటు చట్టం చేయడానికి 2013 దాకా పట్టింది. ఇవన్నీ కాగితం పట్టుకుని ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కితేనే జరిగాయి.

మిరపచేను:

చాలా థాంక్స్ సార్, ఇద్దరికీ. ఇంకో డౌట్. ఇక్కడ న్యాయం జరక్కపోతే జెనీవాలో కమిటీకి మనమే రాయొచ్చు అని ఎవరో యూట్యూబ్‌లో చెప్పారు, నిజమేనా? మానవ హక్కుల కమిషన్‌కి పెడితే పని అవుతుందా?

హక్కుల పాఠం:

మనకి కుదరదు. ఆ కమిటీ, అంటే 18 మంది నిపుణుల మానవ హక్కుల కమిటీ, వ్యక్తుల ఫిర్యాదు తీసుకోవాలంటే ఆ దేశం మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో (ఒడంబడికకి జతగా, ఇష్టమైన దేశాలు చేరే ఒప్పందం) చేరి ఉండాలి, మనం చేరలేదు. చేరిన దేశంలో అయినా ముందు స్వదేశంలో ఉన్న మార్గాలన్నీ వాడి చూశాకే అక్కడికి వెళ్లాలి. మన విషయంలో కమిటీ చేసేది, దేశం ఇచ్చిన నివేదికని పరిశీలించి ప్రశ్నలు వేయడం, సిఫారసులు ఇవ్వడం. 1997 తర్వాత మళ్లీ 2024 జూలైలోనే మన నివేదిక విచారణకి వచ్చింది, మధ్యలో అంత ఎడం.

ఎన్‌హెచ్ఆర్సీ, అదే జాతీయ మానవ హక్కుల కమిషన్, 1993 చట్టం కింద పుట్టింది, ఆ చట్టంలో మానవ హక్కుల నిర్వచనంలోనే ఈ ఒడంబడికల పేరు ఉంది. తెలుగులో రాసి పంపినా తీసుకుంటారు, ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు పెట్టాలి. కానీ ఒప్పందపు బాకీల్లాంటి సివిల్ తగాదాలు, కోర్టులో నడుస్తున్నవి వాళ్లు ముట్టుకోరు. పోలీసులు కొట్టారనో, సివిల్ బాకీకి స్టేషన్‌కి పిలిచి కూర్చోబెట్టారనో ఉంటే అది వేరు, అప్పుడు తప్పకుండా రాయండి.

షార్జాలో శీను:

ఇటునుంచి ఒక మాట. నేను నిజామాబాద్ వైపు వాణ్ని, ఇక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నా. అప్పుకి జైలు అంటే గల్ఫ్‌లో మనవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. క్రెడిట్ కార్డు, బ్యాంకు లోను, గ్యారంటీ చెక్కు, ఉద్యోగం పోతే అన్నీ ఒకేసారి మీద పడతాయి. కేసు పడితే ట్రావెల్ బ్యాన్, ఇంటికి పోలేడు, ఇక్కడ పని చేసుకోలేడు. మా రూములో ఒక తమ్ముడు తండ్రి చావుకి కూడా పోలేక ఫోన్లో వీడియో చూస్తూ కూర్చున్నాడు, అందరం పక్కనే ఉండి ఏం అనాలో తెలియలేదు.

మీ పోస్టులు చదివాక నాకు వచ్చిన ప్రశ్న, ఈ 11వ అధికరణం మాకు ఇక్కడ వర్తిస్తుందా? యూఏఈలో చెక్ బౌన్స్‌లో చాలావాటిని 2022 నుంచి క్రిమినల్ కాకుండా చేశారు, అది మాత్రం మంచే జరిగింది.

హక్కుల పాఠం:

శీను గారూ, ఒడంబడిక అందులో చేరిన దేశాన్నే కడుతుంది. ఐసీసీపీఆర్‌లో 170కి పైగా దేశాలున్నా యూఏఈ, సౌదీ లేవు. కువైట్ 1996 నుంచి ఉంది, ఖతర్ 2018లో చేరింది. మీరు ఏ దేశ పౌరుడన్నది ఇక్కడ లెక్క కాదు, ఏ దేశం నేల మీద, ఏ ప్రభుత్వం చేతికింద ఉన్నారన్నదే లెక్క. కువైట్‌లో ఉన్న కడప మనిషికి ఆ ఒడంబడిక కింద హక్కు ఉన్నట్టే, అతని పాస్‌పోర్టు మనదైనా సరే.

యూఏఈ విషయంలో వేరే కాగితం ఉంది, అరబ్ మానవ హక్కుల చార్టర్. దాని 18వ అధికరణం కూడా ఒప్పందపు బాకీ తీర్చే స్తోమత లేదని కోర్టులో తేలినవాణ్ని జైల్లో పెట్టకూడదంటుంది. కోర్టులో తేలాలి అన్న షరతు గమనించండి, అక్కడ కూడా స్తోమత విచారణే కీలకం. యూరప్‌లో ఇదే సంగతిని నాలుగో ప్రోటోకాల్‌లో మొదటి అధికరణంగానే పెట్టారు. వలస కార్మికుల కోసం 1990లో విడిగా ఒక ఒడంబడిక వచ్చింది, పాస్‌పోర్టు లాంటి గుర్తింపు కాగితాలు చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వాధికారి తప్ప ఇంకెవరూ లాక్కోకూడదని అందులో స్పష్టంగా ఉంది. గల్ఫ్ దేశాలేవీ అందులో చేరలేదు. లక్షల మందిని అక్కడికి పంపుతున్న మన దేశమూ చేరలేదు. మనం చేరకుండా వాళ్లని చేరమని ఏ మొహంతో అడుగుతాం? కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల ఎంపీలు ప్రతి సమావేశంలోనూ దీన్ని అడగాలి.

ప్లీడరు గుమ్మం:

అమ్మా, ఇక మీ మామయ్య పని మాట్లాడుకుందాం, మిగతాది తర్వాతైనా చదువుకోవచ్చు.

వాయిదా ఎట్టి పరిస్థితిలో తప్పకూడదు. నోటీసుకి హాజరు కాకపోతే రూల్ 37 కిందే డిక్రీదారు (డిక్రీ తెచ్చుకున్న అప్పిచ్చినాయన) అడిగితే వారంటు వెళ్తుంది, అప్పుడు ఒడంబడికా ఆపలేదు, నేనూ ఆపలేను. హాజరైతే రూల్ 40 ప్రకారం ముందు డిక్రీదారు సాక్ష్యం ఇవ్వాలి, మామయ్యకి స్తోమత ఉందని చూపించాల్సింది ఆయన. తర్వాతే మీ వంతు. కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయండి. అందులో ఊరికే పేదవాణ్ని అని రాయకండి. కౌలు కాగితం ఉంటే అది, లేకపోతే భూమి యజమాని పేరు, పంట పోయిన ఏడాది, నష్టం నమోదు చేసినట్టు వ్యవసాయ శాఖ కాగితం ఏదైనా ఉంటే అది, పురుగుమందుల షాపు బాకీ చీటీలు, బ్యాంకు పాస్‌బుక్ నకలు. జాలీ జార్జ్ తీర్పు నకలు జత చేయండి. మిర్చి పోయిన సంగతి కాగితాలతో జడ్జిగారి ముందు ఉంటే ఆ అచ్చు వాక్యం నిలబడదు.

రైతు నివాసముండే ఇల్లు, సాగు పనిముట్లు, వంట పాత్రలు సెక్షన్ 60 కింద జప్తుకి రావు. వాటిని స్తోమత లెక్కలో కలపకూడదని సెక్షన్ 51 వివరణలోనే ఉంది. ఇల్లుంది కదా, అమ్మి కట్టొచ్చుగా అని అవతలి వకీలు అంటారు, అప్పుడు ఇది చూపించండి. వీలైతే కొద్ది మొత్తం వాయిదాల్లో కడతానని నిజాయితీగా ఒక ప్రతిపాదన పెట్టండి, కట్టగలిగినంతే చెప్పండి, మాటిచ్చి తప్పితే అదే రేపు దురుద్దేశం కింద చూపిస్తారు.

ఎక్స్‌పార్టీ డిక్రీని పక్కన పెట్టించడానికి ఆర్డర్ 9 రూల్ 13 ఉంది కానీ 30 రోజుల గడువు. సమన్లు అందాయని మీరే రాశారు కాబట్టి ఆలస్యానికి గట్టి కారణం చూపాలి, దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. వకీలు ఫీజు భారమైతే మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టండి, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

అత్తగారికి ఈ మాట చెప్పండి. డబ్బు డిక్రీకి ఆడవాళ్లని అరెస్టు చేయడానికి లేదు, సెక్షన్ 56. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు ఇంట్లోకి రావడానికి లేదు, సెక్షన్ 55. రాత్రి బండి చప్పుడైతే భయపడక్కర్లేదు.

మిరపచేను:

ఇప్పుడే అత్తకి చదివి వినిపించాను సార్. మళ్లీ చదవమంది. వాయిదా ఇంకా పది రోజులుంది, పాస్‌బుక్, షాపు చీటీలు రేపు మామయ్యతో కూర్చుని తీస్తాను. ఒక్కటి అడగనా, ఒకవేళ అన్నీ చేసినా పంపితే ఎన్నాళ్లు ఉంచుతారు? బయటికి వచ్చాక బాకీ పోతుందా?

ప్లీడరు గుమ్మం:

అయిదు వేలు దాటిన డిక్రీకి గరిష్ఠంగా మూడు నెలలు, సెక్షన్ 58. లోపల ఉన్నన్నాళ్లూ తిండి బత్తా డిక్రీదారే కోర్టుకి కట్టాలి, కట్టకపోతే వదిలేస్తారు. బాకీ మాత్రం పోదు, అదే డిక్రీకి రెండోసారి అరెస్టు చేయడానికి ఉండదంతే. అంతదాకా రానివ్వకండి. కౌంటర్ డ్రాఫ్ట్ అయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.